మైకా గని మూతపడిన ఊరికి రేపటి ప్రణాళిక: నెల్లూరు పల్లెల కోసం అంచెలంచెల మార్గదర్శి

సైదాపురం, గూడూరు చుట్టుపక్కల మైకా (అభ్రకం) పల్లెల్లో గనులు ఒక్కరోజులో మూతపడలేదు. రేడియోల్లో మైకా వాడే వాక్యూమ్ ట్యూబులు పోయి ట్రాన్సిస్టర్లు రావడంతో గిరాకీ సన్నగిల్లింది. ఎక్కువగా కొనే సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమయ్యాక మిగిలిన వ్యాపారమూ కుంగిపోయింది. నీళ్లు నిండిన గుంతలు, తెల్లరాయి (క్వార్ట్జ్) కలిసిన డంపులు, అంటే గని వ్యర్థపు దిబ్బలు, కూలుతున్న క్వార్టర్లు, ఎవరి పేరున ఉందో తేలని భూమి, దగ్గుతో మంచం పట్టిన పాత కూలీలు ఊళ్లకు మిగిలాయి. ఇలాంటి పల్లె పంచాయతీ రాబోయే పదేళ్లకు ప్రణాళిక వేసుకోవాలంటే ఏది ముందు, ఏది తర్వాత చేయాలో ఇక్కడ చెబుతున్నాం.

ఒక మాట మొదటే చెప్పాలి. కేంద్ర గనుల శాఖ 2025 ఫిబ్రవరి 20న మైకా, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, బెరైటీస్‌లను చిన్నతరహా ఖనిజాల జాబితా నుంచి తీసి ప్రధాన ఖనిజాల్లో చేర్చింది. మైకా, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ దొరికే పెగ్మటైట్ అనే రాళ్లలో లిథియం, బెరిల్, నయోబియం, టాంటలం వంటి విలువైన ఖనిజాలు ఉండే అవకాశం ఒక ముఖ్య కారణం. దాంతో "గని మళ్లీ తెరుస్తారు, అంతవరకు ఆగుదాం" అన్న మాట ఊళ్లలో మొదలైంది. ఆగొద్దు. గని వచ్చినా, రాకపోయినా పనికొచ్చే పనులే ఈ ప్రణాళికలో ముందుంటాయి. గుంత చుట్టూ కంచె, భూమి కాగితాలు, నీటి లెక్క, జబ్బుపడినవారి జాబితా లేకపోతే గని వచ్చినా ఊరు నష్టపోతుంది, రాకపోయినా నష్టపోతుంది.

ఇక్కడ చెప్పేది మైకా, తెల్లరాయి పల్లెలకే. రామగిరి, చిగురుగుంట లాంటి బంగారు గనుల దగ్గర సయనైడ్ కలిసిన వ్యర్థం ఉండవచ్చు. ఇల్లెందు లాంటి బొగ్గు ఊళ్లలో నేల కుంగడం, గ్యాస్ సమస్యలు వేరు. అక్కడ మట్టి, నీటి పనులు ఈ పద్ధతిలో చేయకూడదు.

మొదటి అంచె: బృందం, కాగితాలు

పదకొండు, పన్నెండు మంది చాలు. సర్పంచి, ఇద్దరు వార్డు సభ్యులు, సచివాలయం నుంచి సర్వేయరు, ఇంజినీరింగ్ అసిస్టెంటు, పొదుపు సంఘాల నుంచి ఇద్దరు మహిళలు, గనిలో దిగి పనిచేసిన ఇద్దరు పెద్దలు, యానాది కాలనీ నుంచి ఒకరు, ఊరు వదిలి చెన్నైలోనో నెల్లూరులోనో పనిచేస్తున్న యువకులు ఒకరిద్దరు. పాత కార్మికులను గౌరవం కోసం కూర్చోబెట్టడం కాదు. ఏ షాఫ్టు (గనిలోకి దిగే నిలువు బావి) నోరు ఎక్కడ పూడ్చారో, ఏ గుంత కింద సొరంగం ఉందో చెప్పగలిగేది వాళ్లే. ఈ జ్ఞానం వాళ్లతోనే పోతుంది కాబట్టి మొదటి నెలలోనే వాళ్లను వెంటబెట్టుకుని పొలాల్లో తిరగాలి.

కాగితాల కోసం మూడు చోట్లకు వెళ్లాలి. తహసీల్దారు కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్ (పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), అడంగల్, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకళ్లు తీసుకోవాలి. జిల్లా గనుల శాఖలో లీజుల జాబితా, లీజు స్కెచ్‌లు, గడువు తేదీలు, సరెండర్ ఉత్తర్వులు ఉంటాయి. మూడోది చాలామంది మర్చిపోయేది: గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్. గని వదిలేసేటప్పుడు ప్లాను (పైనుంచి చూసిన పటం), సెక్షను (నిలువు కోత పటం) అక్కడ సమర్పించాలని 1961 నాటి లోహ గనుల నిబంధనల్లో ఉంది. సమాచార హక్కు చట్టం కింద అడగండి. "మా గ్రామంలోని గనుల వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. సర్వే నంబరు, గని పాత పేరు, లీజుదారు పేరు, మూతపడిన ఏడాది రాసి "వదిలివేసిన గని ప్లాను, సెక్షను నకలు" అని స్పష్టంగా అడగాలి. గని పేర్లు కాలంతోపాటు మారి ఉంటాయి కాబట్టి తెలిసిన పేర్లన్నీ రాయాలి.

రెండో అంచె: గుంతల రిజిస్టరు

మే నెలలో, నీళ్లు అట్టడుగున ఉన్నప్పుడు చేయాల్సిన పని ఇది. ఈ ప్రాంతానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. ఆ తర్వాత వెళితే గుంత అంచులు, పక్క సొరంగాల నోళ్లు నీటి కింద ఉండి కనిపించవు.

ప్రతి గుంతకు, ప్రతి నిలువు షాఫ్టుకు ఒక నంబరు ఇచ్చి సున్నంతో పక్క బండమీద రాయండి. రిజిస్టరులో ఇవి ఉండాలి: సర్వే నంబరు, ఫోనులో తీసిన అక్షాంశ రేఖాంశాలు, పొడవు, వెడల్పు, నీటి మట్టం, అంచు రాయా మట్టా, దగ్గర్లోని ఇల్లు, బడి, దారి ఎంత దూరం, పశువులు దిగుతాయా, పిల్లలు ఈతకు వెళతారా. నాలుగు దిక్కుల నుంచి ఫోటోలు తీయాలి. షాఫ్టులోకి, సొరంగంలోకి ఎవరూ దిగకూడదు. పాత గనిలో గాలి ఆడక ప్రాణవాయువు తగ్గిపోయి ఉంటుంది. మనిషి కింద పడిపోయేదాకా తేడా తెలియదు. కాపాడదామని దిగినవారు కూడా అక్కడే పోతారు. లోతు కొలవాలంటే తాడుకు బరువు కట్టి, నడుముకు కట్టుకున్న తాడును వెనక ఇద్దరు పట్టుకుని, పైనుంచే వదలాలి.

తర్వాత గుంతలను మూడు రకాలుగా విడగొట్టండి. ఇంటికి, బడికి, నడకదారికి 100 మీటర్లలోపు ఉన్నవి ఎరుపు. పశువులు మేసే చోట ఉన్నవి పసుపు. మిగతావి తెలుపు. డబ్బు తక్కువైనప్పుడు ఎరుపు గుంతలన్నీ పూర్తయ్యే వరకు పసుపు వాటి జోలికి వెళ్లొద్దు. పలుకుబడి ఉన్నవారి తోట పక్క గుంతకు ముందు కంచె పడి బడి పక్కది మిగిలిపోవడం ఇలాంటి పనుల్లో తరచుగా జరుగుతుంది. రంగుల జాబితా గ్రామసభలో చదివి తీర్మానం చేస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది.

కంచె విషయంలో ముళ్లతీగ ఒక్కటే నమ్ముకోవద్దు. ఇనుప స్తంభాలు, తీగ ఏడాదిలోపే మాయమవుతాయి. చవకగా నిలిచేది కందకం, కట్ట, ముళ్లకంప కలిపిన పద్ధతి. బయటివైపు 1.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు కందకం తవ్వి, ఆ మట్టిని గుంతవైపు కట్టగా పోసి, కట్టమీద కిత్తనార, గచ్చకాయ రెండు వరుసల్లో నాటాలి. మట్టి అంచు ఉన్న గుంతకు లోతు ఎంతో కనీసం అంత దూరంలో ఈ కందకం ఉండాలి. నీటి పక్కనే తవ్వితే కందకంలో నిలిచిన వాననీరు అంచులోకి ఇంకి, అంచే కూలుతుంది. కందకానికి ఒకవైపు వాలు, నీళ్లు బయటకు పోయే దారి తప్పనిసరి.

నిలువు షాఫ్టును డంపు మట్టితో పూడ్చేస్తే పని అయిపోయిందనుకోవడం ప్రమాదకరం. ఆ మట్టి కింద సొరంగాల్లోకి కొట్టుకుపోయి, ఏళ్ల తర్వాత ఒక పెద్ద వానకు హఠాత్తుగా కుంగుతుంది. సరైన పద్ధతి, వదులు మట్టి తీసేసి గట్టి రాయి తగిలే వరకు వెళ్లి, ఆ రాయిమీద ఆర్‌సీసీ స్లాబు వేయడం. స్లాబు వెడల్పు షాఫ్టు వెడల్పుకు రెట్టింపు ఉండాలి. గాలి గొట్టం, షాఫ్టు నంబరు చెక్కిన రాయి పెట్టాలి. డిజైను ఇంజినీరు సంతకంతోనే జరగాలి, మేస్త్రీ అంచనాతో కాదు.

మూడో అంచె: భూమి ఎవరిదో తేల్చడం

ప్రణాళికలు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. గుంత ఉన్న సర్వే నంబరు పట్టా కావచ్చు, డీకేటీ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) కావచ్చు, అనాధీనం (ఎవరికీ ఇవ్వని ప్రభుత్వ భూమి), పోరంబోకు, అడవి కావచ్చు. చుక్కల భూమి (పాత రిజిస్టరులో యజమాని పేరు బదులు చుక్కలున్నది) కూడా కావచ్చు. 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు) ఉందో లేదో విడిగా చూడాలి. ఒక పెద్ద కాగితంమీద గ్రామ పటం గీసి, ప్రతి గని సర్వే నంబరుకు భూమి రకం, లీజు స్థితి రాయండి. గడువు ముగిసిన లీజు, సరెండర్ చేసిన లీజు, కాగితంమీద ఇంకా నడుస్తున్న లీజు ఈ మూడూ వేరు. మూడో రకం భూమిలో పంచాయతీ ఒక మొక్క నాటినా రేపు వివాదమే.

డీకేటీ భూమి 1977 అసైన్డు భూముల చట్టం కింద ఉంటుంది; ఆ చట్టాన్ని 2023లో సవరించారు కాబట్టి అమ్మకం చెల్లుతుందో లేదో తహసీల్దారు దగ్గర తేల్చుకోవాలి. అడవి భూమిలో ఉన్న గుంతలో నీళ్లు వాడాలన్నా, చెట్లు పెంచాలన్నా అటవీ శాఖతో రాతపూర్వక ఒప్పందం కావాలి. యానాది కుటుంబాలు ఆ అడవిమీద ఆధారపడి బతుకుతుంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కుల దరఖాస్తు ముందే పెట్టించాలి. కొత్త లీజు హద్దులు గీసిన తర్వాత పెడితే వాళ్ల గొంతు వినిపించదు.

డంపుల సంగతి విడిగా చెప్పాలి. "మీ దిబ్బలు ఉచితంగా చదును చేసి ఇస్తాం, ప్రొక్లెయిన్ మాదే" అని ఎవరైనా వస్తే వాళ్లకు కావాల్సింది చదును కాదు, అందులోని తెల్లరాయి. డంపులో ఉన్నది కూడా ఖనిజమే. గనుల శాఖ అనుమతి, రవాణా పర్మిట్లు లేకుండా ఒక్క టిప్పరు కదిలినా, అంగీకారపత్రంమీద సంతకం పెట్టిన సర్పంచిపైకి, పట్టాదారుపైకి జరిమానా రావచ్చు. డంపు తీసే ఏ ప్రతిపాదన అయినా గనుల శాఖ నుంచి కాగితం వచ్చాకే గ్రామసభకు రావాలి.

నాలుగో అంచె: నీళ్లు

ఈ ఊళ్లకు గని మిగిల్చిన నిజమైన ఆస్తి నీరే. కానీ ముందు పరీక్ష. ఫ్లోరైడ్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. గుంత నీరు ఎంత తేటగా కనిపించినా తాగడానికి పనికొస్తుందని అనుకోవద్దు. నమూనాలు మేలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి తీయాలి. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, ఉపరితలానికి ఒక అడుగు కింద నింపి, నంబరు, తేదీ రాయాలి. గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో మామూలు పరీక్షలు చేస్తారు. సీసం, ఆర్సెనిక్, యురేనియం ప్రత్యేకంగా అడిగి, ఆ సౌకర్యం ఉన్న ల్యాబుకు పంపించాలి. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో లీటరుకు ఫ్లోరైడ్ 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. సీసం, ఆర్సెనిక్ 0.01 మి.గ్రా. దాటకూడదు.

తాగడానికి పనికిరాకున్నా తోటకు పనికొస్తే చాలా మేలు. సైదాపురం, గూడూరు, పొదలకూరు, రాపూరు నిమ్మకు పేరుపడ్డ ప్రాంతాలు. వేసవిలో నీళ్లు లేక చెట్లు ఎండడమే ఇక్కడి రైతు బాధ. ఒక గుంత ఎన్ని ఎకరాలు కాపాడగలదో ఇలా లెక్క వేయండి.

నీరు నిండినప్పుడు 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, సగటు లోతు 8 మీటర్లు అనుకుందాం. నిల్వ 19,200 ఘనపు మీటర్లు. సగటు లోతు అంటే నడిమధ్య లోతు కాదు, పది పన్నెండు చోట్ల కొలిచి తీసిన సగటు. జనవరి నుంచి జూన్ వరకు ఎండకు ఆవిరయ్యేది సుమారు ఒక మీటరు అనుకుంటే 2,400 పోతుంది. అడుగున 2 మీటర్లు ముట్టకుండా వదిలితే మరో 4,800. వాడుకోగలిగింది 12,000. ఆరు మీటర్ల ఎడంతో నాటిన నిమ్మ ఎకరాకు సుమారు 110 చెట్లు. ముదురు చెట్టుకు వేసవిలో డ్రిప్పుతో రోజుకు 80 లీటర్లు ఇస్తే ఎకరాకు 8.8 ఘనపు మీటర్లు, ఫిబ్రవరి నుంచి మే దాకా 120 రోజులకు 1,056. అంటే కాగితంమీద 11 ఎకరాలు. వాన తగ్గిన ఏడాదిని, ఇంకిపోయే నీటిని కలుపుకుని మూడోవంతు తగ్గించండి. ఏడెకరాలకు మించి మాట ఇవ్వొద్దు. పదకొండు ఎకరాలకు పైపులు వేసి, మూడో ఏడు ఏడెకరాలకే నీళ్లు వస్తే కొట్లాట ఖాయం.

ఇంకో ప్రమాదం, నీటిని వేగంగా తోడటం. అంచులోని మెత్తబడ్డ మట్టికి ఆనుడుగా ఉన్నది ఆ నీరే. మట్టం ఒక్కసారిగా దిగితే లోపల నానిన అంచు విరిగిపడుతుంది, మోటారుతో సహా. రోజుకు 10 సెంటీమీటర్లు మించి మట్టం తగ్గకుండా చూసుకోవాలి. పై లెక్కలో ఏడెకరాలకు రోజుకు 62 ఘనపు మీటర్లే, అంటే మూడు సెంటీమీటర్ల లోపు. అన్ని మోటార్లు ఒకే వారం నడిపితేనే ఇబ్బంది. మోటారును అంచుమీద కాకుండా తేలే డ్రమ్ముల తెప్పమీద పెడితే మంచిది. తోడటం మొదలుపెట్టే ముందు చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం రాసి ఉంచుకోవాలి, లేకపోతే ఎవరి బోరు ఎండినా గుంతదే తప్పంటారు.

చేపల ఆలోచన అందరికీ వస్తుంది. నిటారు గోడలున్న లోతు గుంతలో ఒడ్డు లోతు తక్కువ ఉండదు, మేత పెరగదు, వల తిరగదు. అడుగు నీటిలో ప్రాణవాయువు ఉండదు. తుపాను వానకు అడుగు నీరు పైకి వచ్చి కలిస్తే ఒక్క రాత్రిలో చేపలన్నీ తేలతాయి. ఒకవైపు వాలుగా ఉన్న, 4 మీటర్లలోపు లోతున్న గుంతలోనే ఆ ప్రయత్నం చేయండి.

ఐదో అంచె: ఊపిరితిత్తులు

దీన్ని అభివృద్ధి ప్రణాళికలో ఎందుకు పెట్టాలని అడుగుతారు. పెట్టి తీరాలి. మైకా చుట్టూ ఉండేది పలుగురాయి, అంటే అదే తెల్లరాయి. దానిని తొలిచినప్పుడు లేచే సన్నటి ధూళితో వచ్చేది సిలికోసిస్. అది నయం కాదు, టీబీ వచ్చే ముప్పును పెంచుతుంది. అందుకే చాలామంది టీబీ చీటీతోనే మిగిలిపోయారు. ఇంటింటికీ తిరిగి రాయాల్సింది ఇది: ఏ గనిలో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఏ పని చేశారు (రాయి తొలవడం, తవ్విన రాయి, మట్టి మోయడం, మైకా చీల్చడం, రాయి మర), టీబీ మందులు ఎన్నిసార్లు పూర్తి చేశారు, ఆయాసం తగ్గిందా. రాయి తొలిచినవారు, మరలో పనిచేసినవారు మొదటి వరుసలో ఉండాలి.

ఛాతీ ఎక్స్‌రేకు పంపేటప్పుడు ఆ పని చరిత్రను కాగితంమీద రాసి వెంట పంపాలి. డాక్టరుకు పాత పని తెలియకపోతే ఎక్స్‌రేలో మచ్చ టీబీలాగే కనిపిస్తుంది. పీఎఫ్ చీటీలు, హాజరు కార్డులు, జీతం పుస్తకాలు, గేటు పాసులు ఏవి దొరికినా ఫోటో తీసి సచివాలయంలో భద్రపరచండి. 1923 ఉద్యోగుల పరిహార చట్టం షెడ్యూలులో సిలికోసిస్ ఉండేది (2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది), కానీ పని చేసినట్టు రుజువు లేకుండా ఏ దారీ తెరుచుకోదు. చనిపోయినవారి కుటుంబాల కాగితాలు కూడా సేకరించాలి.

ఆరో అంచె: డంపులు, క్వార్టర్లు

అనుమతులు, భూమి స్పష్టమైన డంపుల మీదే పని. వాలును నిలువు ఒకటికి అడ్డం రెండుకు తగ్గించి, పైన నీటిని మళ్లించే కాలువ, కింద రాతి కట్ట వేయాలి. ఆ తర్వాతే మొక్కలు. మైకా వ్యర్థంలో సేంద్రియ పదార్థం దాదాపు ఉండదు, నీరు నిలవదు. 60 సెంటీమీటర్ల గుంటలు, మూడు మీటర్ల ఎడం, ఎకరాకు సుమారు 450. గుంటకు సగం చెరువు మట్టి, 10 కిలోల పశువుల ఎరువు. కానుగ, వేప, సీతాఫలం, తుమ్మ నిలుస్తాయి. సెప్టెంబరు చివర నాటితే ఈశాన్య వానలు అందుతాయి. జూన్ చినుకుకు ఆశపడి నాటితే మధ్యలో ఎండి పోతాయి. రెండు వేసవులు కుండ నీళ్లు పోసే మనిషికి కూలి లెక్కలో పెట్టనిదే నాటొద్దు.

పెగ్మటైట్ సిర పోయే చోట్ల నిమ్మ లాంటి దీర్ఘకాల తోట గానీ, పక్కా భవనం గానీ పెట్టొద్దు. అక్కడ గడ్డి, పశువుల మేత లాంటి మూడు నాలుగేళ్ల వాడకమే మేలు. కొత్త లీజు వస్తే పెట్టుబడి పోదు.

క్వార్టర్లు, డిస్పెన్సరీ, బడి భవనాలు 1946 మైకా గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం కాలానివి కావచ్చు, యాజమాన్యం కట్టినవి కావచ్చు. వాటిని పంచాయతీకి "అప్పగిస్తాం" అంటే వెంటనే తలూపొద్దు. కరెంటు బకాయిలు తీర్చి, భూమి హక్కు కాగితం, పైపులైను పటం ఇచ్చాకే తీసుకోవాలి. రెండు వందల ఇళ్లకు వేసిన ట్యాంకు, పైపులు, వీధిదీపాలు నలభై ఇళ్లకు నడపడం పంచాయతీ ఆదాయానికి మించిన భారం. మనుషులున్న వరుసలు ఉంచి, ఖాళీ వరుసల పైపులను మూసేయడం అవమానం కాదు. ఆస్‌బెస్టాస్ రేకులు దించేటప్పుడు తడిపి, పగలకొట్టకుండా దించాలి.

ఏడో అంచె: డబ్బు, తీర్మానం

ఆగస్టు నాటికి పై లెక్కలన్నీ సిద్ధంగా ఉంటే అక్టోబరు 2న మొదలయ్యే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక సభల్లో వాటిని చేర్చి, ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించవచ్చు. అక్కడ ఎక్కని పని ఆ ఏడాదికి లేనట్టే. కందకాలు, గుంటలు, మొక్కలు ఉపాధి హామీ పనుల్లో. తాగునీరు ఆర్థిక సంఘం నిధుల్లో. స్లాబులు, ఎక్స్‌రేలు, నీటి పరీక్షలు జిల్లా ఖనిజ ఫౌండేషన్‌లో (గని లీజుదారులు కట్టే సొమ్ముతో నడిచే జిల్లా నిధి) అడగాలి. మీ ఊరి గని మూతపడిందని ఫౌండేషన్ నిధి రాదనుకోవద్దు. 2024 మార్గదర్శకాల ప్రకారం నడిచే గనికి 15 కిలోమీటర్లలోపు ఊళ్లు ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతం, కనీసం 70 శాతం నిధి తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం వంటి అధిక ప్రాధాన్య పనులకే వెళ్లాలి. దరఖాస్తుతో పాటు ఆ గని పేరు, దూరం చూపే పటం, గుంతల రిజిస్టరు, నీటి నివేదిక జతచేయండి. "గ్రామాభివృద్ధికి నిధులు" అని రాసిన ఒక్క పేజీ దరఖాస్తులు పక్కన పడిపోతాయి.

తీర్మానం ఇలా ఉండాలి: "సర్వే నం. ___ లోని 4వ నంబరు గుంత బడికి 60 మీటర్ల దూరంలో ఉన్నందున, 210 మీటర్ల కందకం, కట్ట, జీవకంచె పనిని మొదటి ప్రాధాన్యంగా, మార్చి 31 లోగా పూర్తి చేయుటకు తీర్మానించడమైనది." కొలత, చోటు, గడువు లేని తీర్మానంతో పని అడగడానికి ఆధారం ఉండదు.

కొత్త లీజు మాట వస్తే అడగాల్సినవి ఇదే సభలో రాసిపెట్టుకోండి. దశలవారీ గని మూసివేత ప్రణాళిక నకలు, ఆర్థిక హామీ పత్రం నకలు, పాత గుంతల బాధ్యత కొత్త లీజుదారు హద్దుల్లోకి వస్తుందా లేదా అన్నది రాతపూర్వకంగా, తడి డ్రిల్లింగ్ (ధూళి లేవకుండా నీళ్లు పోస్తూ తొలవడం) హామీ, ఏటా కార్మికుల ఎక్స్‌రే. తుది మూసివేత ప్రణాళికను మూసే రెండేళ్ల ముందే సమర్పించాలని 2017 ఖనిజ సంరక్షణ నిబంధనలు చెబుతాయి. ఆ కాగితం పంచాయతీకి కూడా ఇవ్వాలని షరతు పెట్టండి.

ఇక ఏటా చేయాల్సింది రెండు తనిఖీలు. మొదటిది మొదటి తుపాను వాన వెలిసిన వారంలో: కందకాల్లో నీరు నిలిచిందా, అంచుల్లో కొత్త పగుళ్లు ఉన్నాయా, పూడ్చిన షాఫ్టుల చుట్టూ నేల గిన్నెలా కుంగిందా. కుంగితే ఆ రోజే రాళ్లతో, తాళ్లతో చుట్టూ 10 మీటర్లు మూసి, డీజీఎంఎస్‌కు, తహసీల్దారుకు ఫోటోతో లేఖ పంపాలి. రెండోది మే నెలలో, బడి సెలవుల్లో పిల్లలు ఈతకు వెళ్లే రోజుల్లో: కంచెలో కొత్తగా పడిన దారులను వెతికి ముళ్లకంపతో మూయాలి.